కుర్సుర లోపలి మనుషులు

విశాఖ ఆర్.కె. బీచ్‌లో కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడటానికి టికెట్టు కొనేవాళ్ళు ఒక యుద్ధ యంత్రాన్ని చూడబోతున్నామనుకుంటారు. చూసి బయటికి వస్తున్నవాళ్ళ మాటలు కాసేపు నిలబడి వినండి. టార్పెడోల గురించి మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. "అంత ఇరుకులో అన్నాళ్ళు ఎలా ఉన్నారో!" అనేవాళ్ళే ఎక్కువ. పిల్లలైతే ఎక్కడ పడుకునేవారు, ఎక్కడ వండుకునేవారు, స్నానం ఎలా అని అమ్మానాన్నల్ని ఊదరగొడుతుంటారు. ఆయుధాల్ని చూపించే చోట్లు మన దేశంలో చాలానే ఉన్నాయి. వాటి వెనక బతికిన మనిషి గురించి అడిగించే చోట్లు బహు తక్కువ. కుర్సుర ఆ పని చేస్తోంది, అదీ ఎంతో ఒడుపుగా.

సబ్‌మెరైనర్ని తలుచుకోవడం తేలికైన విషయం కాదు. అతడి ఉద్యోగమే ఎవరి కంటా పడకుండా ఉండటం. గస్తీకి వెళ్ళినప్పుడు పడవ ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకి తెలియదు, ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక కూడా ఎక్కడికి వెళ్ళాడో, ఏం చేశాడో అతడు చెప్పడు, చెప్పకూడదు. అలా పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో చేసి, పెన్షన్ పుచ్చుకుని, మల్కాపురంలోనో గాజువాకలోనో ఇల్లు కట్టుకుని స్థిరపడతాడు. వయసు మీదపడి ఒకరోజు పోతాడు. పేపర్లో చిన్న ఫోటో, కింద పేరు, 'రిటైర్డ్ నేవీ' అన్న రెండు మాటలు. కర్మకాండకి వచ్చిన బంధువుల్లో ఆయన అసలు ఏం పని చేశాడో వివరంగా చెప్పగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉంటారో ఉండరో. పిల్లలకి సైతం నాన్న జీవితంలో సగం మూసిన గదే. ఆ గది తలుపు తెరిచి చూపించగల వస్తువు మనకి కుర్సుర ఒక్కటే ఉంది.

పడవ పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబర్ 18న రీగాలో భారత నౌకాదళంలో చేరింది. తొలి కమాండింగ్ ఆఫీసర్ కమాండర్ ఎ. ఆడిట్టో. నాటో దేశాలు 'ఫాక్స్‌ట్రాట్' అని పిలిచిన తరగతి ఇది. మనకి ఈ రకంలో మొదట వచ్చింది కల్వరి, 1967 డిసెంబర్ 8న. అందుకే ఏటా ఆ తేదీన మన నౌకాదళం సబ్‌మెరైన్ దినోత్సవం జరుపుకుంటుంది. తర్వాత ఖందేరి, కరంజ్, నాలుగోది కుర్సుర. ఈ పడవల కోసం మన కుర్రాళ్ళు సోవియట్ దేశానికి వెళ్ళి, రష్యన్ నేర్చుకుని, ఆ భాషలోనే యంత్రాల గుట్టు తెలుసుకున్నారు. అప్పట్లో సూయజ్ కాలువ మూసి ఉంది. బాల్టిక్ నుంచి బయల్దేరి ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి రావలసి వచ్చింది. 31 ఏళ్ళ సర్వీసులో కుర్సుర 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. భూమిని మూడుసార్లు చుట్టినా ఇంకా మిగిలే దూరం.

1971 యుద్ధంలో ఇది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. శత్రు ఓడని ముంచిన ఘనత మాత్రం దీని ఖాతాలో లేదు. దాన్ని నేను లోటుగా చూడను. గొప్ప విజయం ఏదైనా ఉండి ఉంటే ఈ మ్యూజియం అంతా ఆ ఒక్క రోజు కథ అయిపోయేది. అది లేకపోబట్టే వేల మామూలు రోజులు మిగిలాయి. సబ్‌మెరైనర్ జీవితమంటే ఆ మామూలు రోజులే.

పొడవు 91.3 మీటర్లు. బయట నుంచి చూస్తే ఎంతో పెద్దది. అడ్డం ఏడున్నర మీటర్లే. అందులోనూ మనిషి మసిలే భాగం ఇంకా తక్కువ, ఎందుకంటే ఇది రెండు తొడుగుల పడవ. లోపల నీటి ఒత్తిడిని తట్టుకునే గట్టి ఉక్కు గొట్టం, దాని చుట్టూ పైతొడుగు, రెండింటి మధ్య నీళ్ళు నింపే ట్యాంకులు. లోపలి గొట్టంలోనే 75 మంది: 8 మంది అధికారులు, 67 మంది నావికులు. వాళ్ళతో పాటు మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, వందల బ్యాటరీ సెల్స్, 22 టార్పెడోలు. ముందు యంత్రాలకి చోటు కేటాయించి, మిగిలిన సందుల్లో మనుషుల్ని సర్దారు. లోపల నడుస్తుంటే ఆ సంగతి అడుగడుక్కీ తెలుస్తుంది.

ముందువైపు టార్పెడో గది చూడండి. ఆరు ట్యూబుల ఇత్తడి, ఉక్కు మూతలు ఎదురుగా కనబడతాయి. ఒక్కో టార్పెడో ఏడు మీటర్లకి పైగా పొడవు, ఇంచుమించు రెండు టన్నుల బరువు. వాటిని పేర్చిన అరల పక్కనే, పైనా కిందా, మంచాలు. రైల్లో పై బెర్తు మీద ఎప్పుడైనా లేచి కూర్చోబోయి తల కొట్టుకున్నవాళ్ళకి ఆ ఎత్తు తెలుస్తుంది. అందరికీ సరిపడా మంచాలు ఉండవు. డ్యూటీ దిగి వచ్చినవాడు, డ్యూటీ ఎక్కబోయేవాడు లేచి ఖాళీ చేసిన మంచం మీద వాలతాడు. ఆ పక్క ఇంకా వెచ్చగానే ఉంటుంది. మన ఇళ్ళల్లో తాతగారి కుర్చీ, నానమ్మ మంచం అని ఉంటాయి. ఇక్కడ నెలల తరబడి ఉన్న మనిషికి 'నాది' అని చెప్పుకోవడానికి అరచెయ్యంత అల్మారా తప్ప ఏమీ లేదు.

మ్యూజియం చేసినవాళ్ళ తెలివి ఇక్కడ మొదటిసారి కళ్ళకి కడుతుంది. జనం తిరగడానికి వీలుగా గోడలు తీసేసి, అరలు పీకేసి, దారి వెడల్పు చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. వచ్చి వెళ్ళడానికి పడవ ఒంటికి ద్వారాలు కోశారు, లైట్లు పెట్టారు, అంతే. లోపలి ఇరుకుని ముట్టుకోలేదు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒంటిని పక్కకి తిప్పుకుని గోడకి ఆనుకోవలసిందే. అలా ఒత్తిగిలిన క్షణంలోనే ఆ మనుషులు రోజుకి వందసార్లు ఏం చేశారో మన ఒంటికి తెలిసిపోతుంది. ఎంత పెద్ద బోర్డు మీద రాసినా ఇంతకన్నా బాగా చెప్పలేరు.

గదికీ గదికీ మధ్య ఉన్న ద్వారం దగ్గర కాసేపు ఆగమని నా మనవి. చాలామంది ఫోటో దిగి, కాలెత్తి, తల వంచి దాటేస్తారు. అది గుండ్రటి ఇనుప కంత. చుట్టూ మందపాటి అంచు, పక్కన బరువైన తలుపు, దాన్ని బిగించే పిడి. నీటిలో వంద మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా సుమారు వంద టన్నుల బరువు పడుతుంది. పలకగా కోసిన ద్వారానికి మూలలు బలహీనం, ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. గుండ్రంలో అది అంతటా సమంగా పంచుకుపోతుంది. అందుకే ఆ ఆకారం. పడవ మొత్తాన్ని ఇలాంటి అడ్డుగోడలతో ఏడు గదులుగా విడగొట్టారు. ఒక గదిలో నీళ్ళు పడినా, నిప్పు రాజుకున్నా, ఆ తలుపు బిగిస్తే మిగిలిన ఆరూ బతుకుతాయి.

ఆ మాట తేలిగ్గా అనేశాం కానీ, బిగించిన తలుపుకి అవతల కూడా మనుషులే ఉంటారు. ఆ లెక్క తెలిసే ప్రతి సబ్‌మెరైనరూ ఆ కంత దాటేవాడు. 2014 ఫిబ్రవరి 26న ముంబై తీరానికి దూరంగా సింధురత్న అనే మన జలాంతర్గామిలో మూడో కంపార్ట్‌మెంట్ పొగతో నిండిపోయింది. లెఫ్టినెంట్ కమాండర్ కపీష్ మువాల్, లెఫ్టినెంట్ మనోరంజన్ కుమార్ ఆ గదిలోనే ప్రాణాలు వదిలారు. పడవా, మిగతా సిబ్బందీ దక్కారు. ఇద్దరికీ మరణానంతరం శౌర్యచక్ర ఇచ్చారు. అంతకు ఆరు నెలల ముందు, 2013 ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినానికి ముందురోజు, ముంబై డాక్‌యార్డ్‌లో సింధురక్షక్ పేలి మునిగింది. 18 మంది పోయారు. వాళ్ళ పేర్లు ఎక్కడ చెక్కి ఉన్నా సరే, వాళ్ళు పోయిన తీరు అర్థం కావాలంటే ఇలాంటి ఒక తలుపు ముందు నిలబడాలి.

మధ్యలో కంట్రోల్ గది. పెరిస్కోపు దగ్గరే జనం మూగుతారు, న్యాయమే. నాకు మాత్రం గోడ నిండా ఉన్న వాల్వ్ చక్రాలు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. జలాంతర్గామి నీటిలో మునగడం గొప్పకాదు, కావలసిన లోతులో కదలకుండా నిలవడం గొప్ప. దానికి పడవ బరువు, అది తోసే నీటి బరువు ఎప్పుడూ సరితూగుతూ ఉండాలి. డీజిల్ ఖర్చయిన కొద్దీ బరువు మారుతుంది. టార్పెడో ఒకటి బయటికి వెళితే రెండు టన్నులు ఒక్కసారిగా తేలికవుతుంది, వెంటనే అంత నీటిని లోపలికి తీసుకోవాలి. వంటగదిలో బియ్యం, పప్పు తరిగినా లెక్కే. పదిమంది వెనక గది నుంచి ముందు గదికి నడిచి వెళితే పడవ ముక్కు వంగుతుంది. ఉప్పునీరు ఎక్కడ చిక్కనో, ఎక్కడ పల్చనో దాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. ఆ తూకాన్ని 'ట్రిమ్' అంటారు. దాన్ని సరిచూసుకుంటూ, చక్రాలు తిప్పుకుంటూ కూర్చున్నవాళ్ళలో పదో తరగతి చదివి నౌకాదళంలో చేరిన పల్లెటూరి పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ చేతి నైపుణ్యం చూసినవాళ్ళు ఆ గదిలో ఉన్నవాళ్ళు మాత్రమే.

ఆ విద్య ఎలా అబ్బిందో కూడా తెలుసుకోవాలి. విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహన సబ్‌మెరైనర్ల బడి. అక్కడ పాఠం అయ్యాక పడవ మీద అసలు పరీక్ష. నీ పని ఏదైనా సరే, వంటవాడివైనా, రేడియో మనిషివైనా, పడవలో ప్రతి గదీ, ప్రతి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చెప్పాలి. చీకట్లో తడిమి ఏ వాల్వ్ ఏదో పోల్చుకోవాలి. అప్పుడే గుండె మీద డాల్ఫిన్ల బ్యాడ్జి. అందరి ప్రాణం అందరి చేతుల్లోనూ ఉన్న చోట ఒకరి పని మరొకరికి తెలియకపోతే కుదరదు. పింఛను తీసుకున్న ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ బ్యాడ్జిని పట్టుచీర దాచినట్టు దాచుకునే ఇళ్ళు విశాఖలో ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

వెనక్కి వెళితే డీజిల్ గది. ఒక్కోటి 2,000 హార్స్‌పవర్ ఉన్న మూడు ఇంజన్లు, మధ్యలో సన్నని దారి. ఇవాళ అక్కడ నిశ్శబ్దం. అవి తిరుగుతున్నప్పుడు ఆ గదిలో మాట వినపడదు, సైగలతోనే పని. వేడి సంగతి చెప్పనక్కర్లేదు. డీజిల్‌కి గాలి కావాలి కాబట్టి నీటి కింద ఇంజన్లు నడపాలంటే స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటి పైకి ఎత్తుతారు. అల వచ్చి గొట్టం మూతిని కప్పితే వాల్వు మూసుకుంటుంది. ఇంజన్లు మాత్రం ఆగవు. పడవ లోపలి గాలినే లాగేస్తాయి. నిద్రపోతున్నవాళ్ళకి కూడా చెవులు నొప్పి పుట్టి మెలకువ వస్తుంది. అల పోగానే గాలి తిరిగి వస్తుంది, మళ్ళీ చెవులు. పూర్తిగా మునిగాక ఇంజన్లు ఆపి, బ్యాటరీల మీద మోటార్లు తిప్పుకుంటూ పోవాలి. ఆ బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, అది నాలుగు శాతం దాటితే నిప్పురవ్వకి పేలుతుంది. ఉప్పునీళ్ళు తగిలితే క్లోరిన్ వస్తుంది. మనుషులు వదిలిన బొగ్గుపులుసు వాయువుని పీల్చుకోవడానికి రసాయనాల పలకలు పెట్టుకోవాలి. తాగే నీళ్ళకే కొలత, ఇక స్నానం మాటెక్కడిది. డీజిల్ వాసన బట్టలకి, జుట్టుకి, ఒంటికి పట్టేస్తుంది. ఇంటికొచ్చాక ఎన్నిసార్లు ఉతికినా పోదని భార్యలు అనే మాట సబ్‌మెరైనర్ల ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే.

ఇవన్నీ మనకి చెప్పేది ఎవరు? కుర్సురలో గైడ్లుగా రిటైరైన నౌకాదళం వాళ్ళనే పెట్టారు. ఈ మ్యూజియంలో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదే అని నా నమ్మకం. బట్టీపట్టిన గైడు టార్పెడో పొడవు చెప్తాడు. అందులో పని చేసినవాడు దాన్ని ట్యూబులోకి ఎక్కించేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టకూడదో చెప్తాడు. చెప్తూ చెప్తూ చూడకుండానే పక్కనున్న చక్రం మీద చెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి అక్కడికి ఎలా వెళ్ళిందో గమనించండి. వెతకదు, తడబడదు.

అన్నీ మెచ్చుకోదగ్గవే అనను. అక్కడక్కడా యూనిఫారం తొడిగి బొమ్మల్ని నిలబెట్టారు. పిల్లలకి సరదాయే, కాదనను. కానీ ఆ బొమ్మల ముఖాలు ఎవరివీ కావు. ఖాళీ మంచం చూసినప్పుడు మనసు అక్కడ ఒక మనిషిని ఊహించుకుంటుంది. బొమ్మ పడుకుని ఉంటే ఆ ఊహకి పని ఉండదు. ఆ బొమ్మల స్థానంలో అదే గదిలో పని చేసినవాళ్ళ నిజమైన ఫోటోలు పెడితే బాగుంటుంది.

పడవని ఒడ్డుకి చేర్చిన తీరు వేరే వ్యాసానికి తగిన కథ. 2001 ఫిబ్రవరి 27న సర్వీసు నుంచి తప్పించారు. తుక్కుకి పోవలసిన దాన్ని నిలబెట్టాలన్న ఆలోచన అడ్మిరల్ వినోద్ పస్రిచాది. సముద్రం మీంచి లాక్కొచ్చి, ఇసుక మీదకి చేర్చి, కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. 18 నెలల పని, అయిదున్నర కోట్ల ఖర్చు. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు, అదే నెల 24 నుంచి జనాన్ని అనుమతించారు. కష్టం అక్కడితో తీరలేదు. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. తుప్పు గీకడం, రేకు మార్చడం, రంగు వెయ్యడం ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. ఎవరి కంటా పడని ఆ పనివాళ్ళని కూడా ఈ సందర్భంలో తలుచుకోవాలి.

ఇంకో విషయం నన్ను బాగా కదిలించింది. నౌకాదళపు వేడుకల రోజుల్లో సర్వీసులో ఉన్న ఓడల్ని ముందు నుంచి వెనక దాకా రంగురంగుల సంకేత జెండాలతో అలంకరిస్తారు. ఆ మర్యాద సర్వీసు నుంచి తప్పుకున్న ఓడలకి మామూలుగా దక్కదు. కుర్సురకి మాత్రం దక్కుతోంది. పడవకి ఇస్తున్న ఆ గౌరవం అందులో పని చేసి పోయినవాళ్ళందరికీ చెందుతుంది. కల్వరి, ఖందేరి, కరంజ్ పేర్లు 2017 నుంచి వచ్చిన కొత్త జలాంతర్గాములకి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన వేలా, వాగీర్, వాగ్‌షీర్ కూడా పాత పేర్లే. కుర్సుర పేరు ఆ ఆరింటిలో లేదు. ఆ పేరుగల పడవ ఇంకా ఇక్కడే ఉంది కదా.

కుర్సుర పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తే, కనుచూపు మేరలో నీటి అడుగున మరో జలాంతర్గామి ఉంది. పాకిస్తాన్ ఘాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చి 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ ముందు మునిగింది. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరు. దాని మీద బోలెడు రాశారు, సినిమా కూడా వచ్చింది. వీటన్నిటికన్నా నేను విలువిచ్చేది ఇటీవలి సంగతికి. లోతు నీళ్ళలో చిక్కుకున్న సబ్‌మెరైనర్లని కాపాడటానికి మన నౌకాదళం తెచ్చుకున్న వాహనంతో ఘాజీ శకలాన్ని గుర్తించినట్టు 2024లో వార్తలొచ్చాయి. గుర్తించి, ముట్టుకోకుండా వదిలేశారు. అందులో పోయినవాళ్ళ పట్ల గౌరవంతో. శత్రువుల సమాధి అనుకోలేదు, తమలాంటి పని చేసేవాళ్ళ సమాధి అనుకున్నారు. ఇరుకు మంచాలు, గుండ్రటి తలుపులు, అలకి మూసుకునే గాలిగొట్టం ఆ పడవలోనూ ఉన్నాయి.

1969లో రీగాలో కుర్సుర ఎక్కిన ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. ఆ తరం వాళ్ళు చాలామంది ఇప్పటికే మన మధ్య లేరు. ఇప్పుడున్న గైడ్లకి కూడా వయసు ఆగదు. అందుకని సంబంధించినవాళ్ళకి ఒక విన్నపం. ఏడు గదుల్లోనూ, ఆ గదిలో పని చేసినవాళ్ళ పేర్లు, వాళ్ళ సొంత ఊర్లు, పని చేసిన సంవత్సరాలు రాసి పెట్టండి. కమాండింగ్ ఆఫీసర్ల పేర్లతో సరిపెట్టకుండా వంటవాళ్ళవీ, ఇంజన్ గది వాళ్ళవీ కూడా. బతికున్నవాళ్ళ చేత వాళ్ళ గదిలోనే నిలబెట్టి మాట్లాడించి రికార్డు చెయ్యండి, తెలుగులో, హిందీలో, మలయాళంలో, ఎవరి భాషలో వాళ్ళ చేత. పోయినవాళ్ళ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున గ్రూపు ఫోటోలు, సర్వీసు పుస్తకాలు, ఓడరేవుల నుంచి రాసిన ఉత్తరాలు ఉంటాయి. అడిగితే ఆ కుటుంబాలు సంతోషంగా ఇస్తాయి. ఇప్పటిదాకా వాళ్ళని అడిగినవాళ్ళు తక్కువ.